పెద్దకొడుకు పేరు లేని వీలునామా

2016 అక్టోబరు 13, గురువారం. హాజరు: ఆఫీసు యజమాని, నా పక్క బల్ల దగ్గర పనిచేసే తెలంగాణ అమ్మాయి, నేను. సెలవులో ఎవరూ లేరు. ఆ ఏడాదికి మొదటిసారి హీటర్ వేశాం.

ఆ రోజు డైరీలో ఇక్కడిదాకా నా మామూలు దస్తూరీయే. దాని కింద రాసిన రెండు పేజీలు నాకే సరిగ్గా చదవరావు. నలభై ఏళ్ళ డైరీల్లో చెయ్యి వణికిన పేజీలు అవి రెండే. మా అమ్మ పోయిన రోజు కూడా అక్షరం కుదురుగానే ఉంది.

మా ఆఫీసు న్యూజెర్సీలోని పార్సిప్పనీలో, ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన మూడు గదులు. మా పని వంశ చరిత్రలు వెతికిపెట్టడం. అమెరికాలో చాలామందికి తాతగారి తాత ఏ దేశంలో, ఏ ఊళ్ళో పుట్టాడో తెలుసుకోవాలని ఉంటుంది. స్కాట్లాండు నుంచి వచ్చిన కుటుంబాలకు ఈ ఆసక్తి మరీ ఎక్కువ. వాళ్ళ అదృష్టం ఏమిటంటే, అక్కడి కోర్టులు వందల ఏళ్ళనాటి వీలునామాలనూ, పోయినవాళ్ళ ఆస్తి పట్టికలనూ భద్రంగా దాచాయి. ఇప్పుడవి కంప్యూటరు తెర మీదకే వస్తాయి. పిల్లలెందరు, అల్లుడెవరు, గడియారం ఎవరికిచ్చారు, పరుపు ఎవరికిచ్చారు, అన్నీ అందులో ఉంటాయి.

నాకు ఈ ఉద్యోగం ఇవ్వడానికి ఒకటే కారణం. పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక కొన్నాళ్ళూ కోస్తాలో ఒక సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పదకొండేళ్ళు పనిచేశాను. వీలునామాలు, ఆస్తి పంపకాల పారీఖత్తులు, హక్కు విడుదల పత్రాలు వేలల్లో చదివాను. ఇంటర్వ్యూలో ఆ సంగతి చెబితే యజమాని ముఖం వెలిగిపోయింది. ఆయన పూర్వం ఒక లాయరు దగ్గర గుమాస్తా. "మీకు నేను నేర్పేదేముంది?" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. నచ్చకుండా ఉంటే బాగుండేది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నా తప్పు అర్థం కావాలంటే మన వీలునామా ఎలా ఉంటుందో చెప్పాలి. మన దగ్గర ఆస్తి ఇచ్చేవాడి పేరే కాదు, ఇవ్వనివాడి పేరు కూడా రాస్తారు. నిజానికి ఇవ్వనివాడి పేరే ముందు రాస్తారు. "నా జ్యేష్ఠ కుమారుడు తన వాటా పొంది వేరుపడినందున అతనికి ఇందులో ఎట్టి హక్కు లేదు" అన్న వాక్యం లేకుండా ఏ దస్తావేజు లేఖరీ కాగితం మా కిటికీ దాకా తెచ్చేవాడు కాదు. రేపు ఆ కొడుకు కోర్టుకెక్కితే లేఖరికే మాట వస్తుంది. కాబట్టి పదకొండేళ్ళలో నా బుర్రలో ఒక సూత్రం గట్టిపడిపోయింది: వీలునామాలో పేరు లేని కొడుకు అసలు కొడుకే కాదు.

ఆ ఏడాది వేసవి మొదట్లో ఒక పెద్దావిడ మా దగ్గరికి వచ్చింది. బడి క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైంది. డెబ్భై తొమ్మిదేళ్ళు. సముద్రపు ఒడ్డున చిన్న ఊళ్ళో ఒంటరిగా ఉంటోంది. ఆమె తండ్రి చనిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆయన అస్థికలు ఒక రేకుపెట్టెలో, ఆమె కుట్టుమిషను ఉండే గదిలో ఉన్నాయి.

"ఇన్నాళ్ళా?" అన్నాను, ఉండబట్టలేక. మనకు మూడో రోజు దాటితే కాళ్ళూ చేతులూ ఆడవు కదా.

"ఆయన కోరిక తీర్చడానికి నాకు ధైర్యం చాలలేదు," అంది. "మన వంశంలో మొదట అమెరికా వచ్చినాయన ఫలానా ఊరి ఫలానా పొలం వాళ్ళ పెద్దబ్బాయి, నన్ను ఆ ఊరి చర్చి మట్టిలో కలపండి అన్నాడు నాన్న. మా బాబాయిలందరూ నవ్వేవాళ్ళు. మగ్గం నేసుకునేవాడికి పొలమేమిటి, ఇదంతా మీ నాన్న కోతలు అని. నిజమని తెలిస్తే వెళతాను. కోతలైతే, ఈ వయసులో నన్ను అంత దూరం తిప్పకండి."

ప్రశ్న చాలా తేలిక. పాటర్సన్ మిల్లుల్లో నేత పనికి వచ్చిన ఆ పూర్వీకుడు, స్కాట్లాండులో ఆ పొలం ఆసామి కొడుకా, కాదా? నాలుగు రోజుల్లో ఆ ఆసామి వీలునామా దొరికింది, 1850ల నాటిది. ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు, పేరుపేరునా ఉన్నారు. ఆవులు, గుర్రం, ధాన్యం, గోడ గడియారం, వెండి చెంచాలు పంచాడు. మన నేతగాడి పేరు ఎక్కడా లేదు. మూడుసార్లు చదివాను. నివేదిక రాశాను: "సంతానం అయిదుగురి పేర్లూ వీలునామాలో ఉన్నాయి. మీ పూర్వీకుడి పేరు లేదు. కనుక ఆయన ఈ కుటుంబంలోని వాడు కాదు."

మా ఆఫీసులో ఏ నివేదికైనా బయటికి వెళ్ళాలంటే ఇద్దరు చదివి సంతకం పెట్టాలి. మామూలుగా రెండో సంతకం యజమానిది. ఆ నెల ఆయన తుంటి ఆపరేషనై ఇంట్లో ఉన్నాడు. పక్కబల్ల అమ్మాయి పెట్టింది. అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకి నలభై దాటాయి.

రెండు వారాలకు ఆ పెద్దావిడ దగ్గర్నుంచి చేత్తో రాసిన ఉత్తరం వచ్చింది. ఆశకొద్దీ ముందే కొన్న స్కాట్లాండు టికెట్టు రద్దు చేసుకున్నాననీ, నిజం చెప్పినందుకు నాకు రుణపడి ఉంటాననీ, వేసవి జనం వెళ్ళిపోయాక తండ్రిని ఇక్కడి సముద్రానికే అప్పగిస్తాననీ రాసింది. ఆ ఉత్తరాన్ని ఫైలులో పెట్టి, పై మూల తేదీ వేశాను. సంతోషించాను కూడా.

ఇక ఆ గురువారం. పన్నెండున్నర. ముగ్గురం భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. ఆ అమ్మాయికి పొద్దున్నే ఇంకో స్కాట్లాండు కుటుంబం ఫైలు ఇచ్చారు. డబ్బా మూత తీస్తూ నాతో అంది:

"అక్కా, ఈ స్కాట్లాండోళ్ళకు పెద్దకొడుకంటే పడదా ఏంది? పొద్దటి సంది మూడు వీలునామాలు చూసిన. మూడిట్ల పెద్దోని పేరే లేదు."

"తాగి తిరిగేవాళ్ళై ఉంటారులే."

"మూడిండ్లల్ల ముగ్గురూనా?"

"మా మేనమామ గారింట్లో నలుగురుంటే నలుగురూ అంతే."

"అయితే మీ మేనమామది స్కాట్లాండే!"

ఇద్దరం గట్టిగా నవ్వాం. యజమాని తల ఎత్తి, మాకూ చెప్పండి ఆ జోకు అన్నాడు. ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నవ్వలేదు. సూపు డబ్బా మూత బిగిసిపోతే దాన్ని తిప్పుతూ, "అందులో వింతేముంది?" అన్నాడు. "1868కి ముందు అక్కడ స్థిరాస్తిని వీలునామాలో రాయడానికి చట్టం ఒప్పుకోదు. అది దానంతటదే పెద్దకొడుక్కి పోతుంది. వీలునామాలో పంచేది చరాస్తి ఒక్కటే. భూమి వచ్చినవాడికి చెంచాలెందుకని మిగతా పిల్లలకే రాస్తారు. పెద్దవాడు కావాలంటే, భూమి ఎవరికి దఖలైందో రాసే వారసుల నిర్ధారణ రిజిస్టరు చూడాలి. ఇది మీకు..." అని నా వైపు చూసి ఆగాడు.

ఇది మీకు తెలుసు కదా అనబోయాడు.

నా చేతిలో పెరుగన్నం చెంచా నోటి దాకా వచ్చి నిలిచిపోయింది.  

"అక్కా, ఏమైంది? మొఖం గట్లయిందేంది?"

లేచి బీరువా దగ్గరికి వెళ్ళాను. ఫైలు తీశాను. వీలునామా నకలు మళ్ళీ చదివాను, నాలుగోసారి. ఆవులున్నాయి, గుర్రం ఉంది, చెంచాలున్నాయి. ఇంటి ఊసు లేదు. పొలం ఊసు లేదు. సొంత ఇల్లూ సొంత పొలమూ ఉన్న మనిషి వీలునామాలో వాటి మాటే లేకపోతే, మా ఊరి లేఖరులు కూడా కలం ఆపి "అయ్యా, మరి పొలం సంగతి?" అని అడిగేవాళ్ళు. నేను అడగలేదు. నేను లేని పేరును చూశాను గానీ, లేని పొలాన్ని చూడలేదు.

వారసుల రిజిస్టరు సూచికలు మా కంప్యూటర్లోనే ఉన్నాయి. వీలునామా తేదీ తర్వాతి రెండేళ్ళు తెరిచాను. వెతకడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఒకే ఒక్క వరుస. పేరు, ఆ పేరు పక్కన "న్యూజెర్సీలోని పాటర్సన్‌లో నేతగాడు", ఆ పక్కన "పెద్ద కుమారుడు", ఆ పక్కన తండ్రి పేరు, పొలం పేరు.

ఆరు నిమిషాలు. ఆవిడ తండ్రి బతికినన్నాళ్ళూ చెప్పిన మాట నిజం.

కాగితం ప్రింటు తీసి, నివేదికతో సహా యజమాని ముందు పెట్టాను.  ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. "కనుక" అన్న మాట కింద వేలు పెట్టాడు. 

"రెండో సంతకం ఎవరిది?"

"నాది," అంది ఆ అమ్మాయి.

"చదివారా?"

"లేదు." తర్వాత నాకు మాత్రమే అన్నట్టు తెలుగులో, "నువ్వు రాసినవంటే ఇంకేం చూస్తనక్కా," అంది. ఆమె కళ్ళు నిండిపోయాయి. ఆ మాటకు బదులు నన్ను తిట్టినా అంత తగిలేది కాదు.

ఉత్తరం చూపించాను. "ఇప్పుడే బయల్దేరి వెళతాను. గంటన్నర డ్రైవ్," అన్నాను.

యజమాని తల అడ్డంగా ఊపాడు. ముందు లాయరుతో మాట్లాడాలన్నాడు. ఫోన్ చేస్తే లాయరు కోర్టులో ఉన్నాడు, రేపు పదింటికి దొరుకుతాడు. "అప్పటిదాకా తప్పు అన్న మాట మనలో ఎవరి నోటా రాకూడదు. ఇది చిన్న ఆఫీసు. దావా వేస్తే ముగ్గురం రోడ్డు మీద ఉంటాం."

"ఈలోపు ఆవిడ..."

"వేసవి జనం వెళ్ళి నెల దాటింది. చేసేదుంటే ఎప్పుడో చేసి ఉంటుంది. చెయ్యకపోతే, ఒక్క రోజులో ఏమవుతుంది?"

వినడానికి సబబుగానే ఉంది. ఈ జీవితంలో నన్ను ముంచినవన్నీ సబబుగా ఉన్న మాటలే. ఆయన ఒక చీటీ మీద రెండు వాక్యాలు రాసిచ్చాడు. రెండింటికి ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తలేదు. ఆన్సరింగ్ మెషీనులో ఆ చీటీ చదివాను: "మీ ఫైలు విషయంలో ఒక చిన్న సవరణ ఉంది. మీ వీలు చూసుకుని ఫోన్ చేయండి." ఎక్కడా తడబడలేదు. గొంతు చాలా మర్యాదగా వచ్చింది. చదివాక చీటీ మడిచి ఫైలులో పెట్టి, పై మూల తేదీ వేశాను.

తర్వాత ఇంకో నాలుగేళ్ళు అక్కడే పనిచేశాను. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు ఆ ఫైలు ఇచ్చేదాన్ని. చట్టం తెలియకపోవడం గురించి నేను చెప్పేదేమీ ఉండేది కాదు. తెలియనిది ఎవరైనా నేర్చుకుంటారు. నాకు తెలిసిందే నన్ను చెడగొట్టింది. పదకొండేళ్ళ అనుభవం లేని మనిషైతే ఆ ఖాళీ చూసి, "వీళ్ళ పద్ధతి ఏమిటో" అని ఎవరినైనా అడిగి ఉండేది. నేను ఎవరినీ అడగలేదు. ఒక దేశపు కాగితాన్ని ఇంకో దేశపు కళ్ళద్దాలతో చదివి, కింద సంతకం పెట్టాను. పిల్లలూ, కాగితంలో లేనిది దేనికీ సాక్ష్యం కాదు. ఎందుకు లేదో తెలిసేదాకా "కనుక" రాయకండి. అయితే ఇది మొదటి తప్పుకే పాఠం. రెండో తప్పు ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి, అంతా తెలిశాక చేశాను. దానికి ఏ పాఠం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రం అయిదింటికి మామూలుగా కంప్యూటరు ఆపి, మామూలుగా ఇంటికి వెళ్ళాను.

మర్నాడు, శుక్రవారం పొద్దున్నే, ఇంకా తెల్లవారకముందే కారు తాళాలు తీసుకుంటుంటే ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"తయారైనవా?"

"ఎక్కడికి?"

"నాకు తెల్వదా అక్కా, నువ్వు పోతవని. మా అపార్ట్‌మెంట్ కాడ ఆపు. సంతకం నేను గూడ పెట్టిన."

 టోలు గేటు దాటాక అంది: "సార్‌కు తెలిస్తే తీసేస్తడు."

"తీస్తే తియ్యనీ."

"నీకేంది, రిటైర్మెంట్ దగ్గర పడ్డది. నాకు గ్రీన్‌కార్డే రాలె."

"అయితే ముందు వచ్చే పెట్రోలు బంకులో దింపుతాను. ఊబర్ బుక్ చేసుకుని వెళ్ళిపో."

"నడుపు నువ్వు," అంది కిటికీ వైపు తిరిగి.

ఎనిమిది కాకముందే ఆ వీధిలోకి తిరిగాం. ఆవిడ తన ఇంటి ముందే ఉంది. రబ్బరు గొట్టంతో చెప్పులకు అంటిన ఇసక కడుగుతోంది. పక్కన మెట్టు మీద రేకుపెట్టె బోర్లించి ఉంది, ఆరడానికి.

కారు దిగాను.  నన్ను చూసి ఆవిడ నవ్వింది.

"మీరా! మీ మెసేజి నిన్ననే విన్నాను. వీలు చూసుకుని అన్నారు కదా, ఇవాళ ఈ పని అయ్యాక చేద్దామనుకున్నాను. ఇప్పుడే వస్తున్నాం. వస్తున్నాను," అని దిద్దుకుంది. "ఒక్కదాన్నే."

దారంతా కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. "మీ నాన్నగారు నిజమే చెప్పారు," అన్నాను. "నేను తప్పు చదివాను." కాగితం చాపాను. ఏ వరుసో వేలితో చూపించాను. పెద్దకొడుక్కి భూమి, మిగతావాళ్ళకు చెంచాలు అన్న సంగతీ, రెండో సంతకం చదవకుండానే పడిందన్న సంగతీ ఎలా చెప్పానో, ఎన్ని ముక్కలుగా చెప్పానో గుర్తులేదు.

ఆవిడ గొట్టం కట్టెయ్యలేదు. నీళ్ళు వాకిలి మీదుగా వీధిలోకి పారుతున్నాయి. ఆ అమ్మాయే వెళ్ళి కుళాయి కట్టింది.

ఆవిడ మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు పెట్టుకుని ఆ వరుస చదివింది. మళ్ళీ చదివింది. ముఖంలో కోపం కోసం చూశాను. కోపం వస్తే పట్టుకోవడానికి నాకేదైనా ఉండేది. ముఖంలో రంగే లేదు.

"ఈసారి ఇది ఎంతమంది చదివారు?"

"ముగ్గురం."

"నిజంగా చదివారా?"

"చదివాం," అంది ఆ అమ్మాయి నాకంటే ముందు.

ఆవిడ మెట్టు మీద పెట్టె తీసి నా చేతుల్లో పెట్టి, వీధిలోకి నడిచింది. మేం వెనకే వెళ్ళాం. రెండు వీధుల అవతలే సముద్రం. ఇసక మీద ఎవరూ లేరు. కడిగిన చెప్పులు మళ్ళీ ఇసకలో వదిలేసి, ప్యాంటు మడమల దగ్గర కూడా ఎత్తకుండా, ఆవిడ నీళ్ళలోకి దిగింది. అక్టోబరు నీళ్ళు. మోకాళ్ళ దాకా వెళ్ళి ఆగింది. కాగితాన్ని రెండు చేతులా మొహానికెదురుగా పట్టుకుని, ఆ ఒక్క వరుసా గట్టిగా చదవడం మొదలుపెట్టింది. పేరు. నేతగాడు, పాటర్సన్. పెద్ద కుమారుడు. పొలం పేరు దగ్గర అల పెద్దదొచ్చి ఆవిడ తూలింది. నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆవిడ వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఆపింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది, ఈసారి చివరిదాకా.

బయటికి వచ్చాక, నా చేతుల్లోంచి పెట్టె తీసుకుంది. తడిసిన కాగితం నాలుగు మడతలు పెట్టి అందులో వేసి మూత నొక్కింది.

"ఇక మీరు వెళ్ళండి," అంది.